విగ్రహాల గురించి బైబిల్ మాట చెప్పాల్సి వస్తే ఎలా మొదలుపెట్టాలి, ఎక్కడ ఆపాలి

వచ్చే వారం కూడికలో విగ్రహారాధన మీద మీరే మాట్లాడండి అని చెప్పి పాస్టరుగారు ఫోన్ పెట్టేశారనుకోండి. ఇలాంటప్పుడు మనలో చాలామంది చేసేది ఒకటే. 115వ కీర్తన తీసి, నోరుండి పలకవు, కళ్ళుండి చూడవు అన్న ముక్క గట్టిగా చదివి, పైన నాలుగు జోకులు వేసి, అందరి చేతా ఆమేన్ అనిపించి, టీ తాగి ఇంటికి వచ్చేయడం. నేనూ అచ్చం అదే చేశాను. విజయనగరంలో మా వీధిలోనే, అదీ తొలేళ్ళ రోజు సాయంత్రం, అంటే తెల్లారితే పైడితల్లమ్మ సిరిమాను అనగా, ఊరంతా చుట్టాలతో కిటకిటలాడుతున్నప్పుడు.

ఆ రోజు ఉక్కపోత ఎక్కువై కిటికీలు బార్లా తీసి ఉన్నాయి. మా గొంతులు, మా నవ్వులు పక్కింట్లోకి తిన్నగా వెళ్ళాయి. పక్కింటి పిన్ని అంటే మేం ఊరెళ్తే మా తాళాలు దాచే మనిషి, మా చిన్నదానికి జ్వరం వస్తే రాత్రంతా తడిగుడ్డ వేసిన మనిషి. మర్నాడు పొద్దున్న కుళాయి దగ్గర బిందె పెడుతూ, "ఏటి బావూ, రాత్రి మీరంతా నవ్వినది నా గురించేనేటి?" అంది. కోపంగా అనుంటే ఏదో ఒకటి చెప్పి తప్పించుకునేవాణ్ణి. ఆవిడ మామూలుగా, కూర ఏం వండారు అన్నట్టు అడిగింది. నా దగ్గర జవాబు లేదు.

తర్వాత కొన్ని నెలలు కూర్చుని ఆ భాగాలన్నీ మొదటినుంచీ చదివాను. చదివితే తేలింది ఏమిటంటే, ఆ మాటల్లో ఎక్కువ భాగం పిన్నిలాంటి వాళ్ళతో అన్నవి కావు, నాలాంటి వాళ్ళతో అన్నవి. ఈ పాఠం చెప్పే పని మీ మీద పడితే ఎలా చేయాలో, నేను పడిన తిప్పలు మీరు పడకుండా, వరసగా రాస్తున్నాను.

1. ముందు ఒక నోటు పుస్తకం, మధ్యలో ఒక గీత

పేజీ మధ్యలో నిలువుగా గీత గీయండి. ఎడమ పక్క "ఎవరితో", కుడి పక్క "ఏమన్నారు" అని రాయండి. తర్వాత ఈ అధ్యాయాలు ఒక్కొక్కటే చదువుతూ నింపండి: నిర్గమకాండం 20, 32, న్యాయాధిపతులు 8, 17, 18, మొదటి రాజులు 12, రెండో రాజులు 18, యెషయా 40, 44, 46, యిర్మీయా 10, యెహెజ్కేలు 14, అపొస్తలుల కార్యములు 17, 19, మొదటి కొరింథీ 8, 10. రోజుకి రెండు చదివినా వారం పది రోజుల్లో అయిపోతాయి. ఫోన్లో కాకుండా పుస్తకంలోనే చదవండి, ముందూ వెనకా ఏముందో కనబడుతుంది.

ఎడమ పక్క గడి చూస్తుండగానే "ఇశ్రాయేలు, ఇశ్రాయేలు, యూదా, ఇశ్రాయేలు పెద్దలు, కొరింథు సంఘం" అని నిండిపోతుంది. "నేను తప్ప వేరొక దేవుడు నీకు ఉండకూడదు" అన్న ఆజ్ఞ ఐగుప్తు వాళ్ళకి ఇచ్చింది కాదు, ఐగుప్తు నుంచి బయటికి తెచ్చిన జనానికి ఇచ్చింది. ఆ ఆజ్ఞ విన్న నలభై రోజులకే దూడ తయారైంది.

ఈ దూడ కథ మాత్రం తొందరపడకుండా చదవండి. మోషే కొండ దిగి రావడం ఆలస్యమైంది, జనానికి టెన్షన్ పట్టుకుంది, నాయకుడు కనబడటం లేదు, ఎదురుగా ఎడారి. భార్యల, కొడుకుల, కూతుళ్ళ చెవి పోగులు తీయించి అహరోను దూడను పోత పోశాడు. పోశాక ఏమన్నాడో చూశారా, రేపు యెహోవాకు పండుగ అన్నాడు. వేరే దేవుడి పేరు పెట్టలేదు, ఉన్న దేవుడి పేరే దాని మీద పెట్టాడు. మోషే వచ్చి నిలదీస్తే, బంగారం అగ్నిలో వేశాను, ఈ దూడ బయటికి వచ్చింది అంటాడు! పాలు విరిగిపోతే పొయ్యి మీద నెట్టేసినట్టు. అంతకు ముందు ఇరవై వచనాల క్రితమే అతను పనిముట్టు పట్టుకుని దాన్ని రూపు దిద్దాడని రాసి ఉంది. ఈ రెండు వచనాలూ (4, 24) పక్కపక్కనే ఎవరితోనైనా చదివించండి, మీరు వివరించకుండానే గదిలో నవ్వు వస్తుంది. ఈ నవ్వు ఎవరినీ నొప్పించదు, ఎందుకంటే అహరోను మనవాడే.

తర్వాత న్యాయాధిపతులు 17, మీకా ఇంటి కథ. దీన్ని ఆదివారం బళ్ళో ఎవరూ చెప్పరు, నాకైతే మొత్తం విషయానికి ఇదే తాళంచెవి అనిపిస్తుంది. కొడుకు అమ్మ దగ్గర 1,100 వెండి నాణాలు కాజేశాడు. దొంగను ఆవిడ శపించింది. శాపం తగులుతుందన్న భయంతో వాడు తిరిగి ఇచ్చేశాడు. అమ్మ సంతోషించి, ఈ వెండి అంతా యెహోవాకు ప్రతిష్ఠించాను అంటూ, అందులో 200 కంసాలికి ఇచ్చి విగ్రహం చేయించింది. (మిగతా 900 సంగతి ఎక్కడా రాయలేదు. మా కూడికలో ఒక అప్ప వెంటనే లెక్క అడిగింది.) ఇంట్లో గుడి కట్టి, ఏడాదికి పది వెండి నాణాలు, ఒక జత బట్టలు, భోజనం ఒప్పందం మీద ఒక లేవీయుణ్ణి యాజకుడిగా పెట్టుకుని, ఇక యెహోవా నాకు మేలు చేస్తాడని తెలిసింది అనుకున్నాడు మీకా. కొన్నాళ్ళకు దాను గోత్రం వాళ్ళు 600 మంది ఆయుధాలతో వచ్చి విగ్రహాన్నీ, యాజకుణ్ణీ కూడా పట్టుకుపోయారు. వెనకాల పరిగెత్తి మీకా ఏడ్చిన మాట 18:24లో ఉంది: నేను చేయించిన నా దేవతల్ని మీరు పట్టుకుపోతున్నారు, ఇక నాకేం మిగిలింది. మనిషి చేసిన దేవుడు అంటే ఏమిటో బైబిల్ ఎక్కడా ఇంత సూటిగా చెప్పలేదు. దొంగలు ఎత్తుకుపోతే, వెంట పరిగెత్తి కాపాడుకోవాల్సింది మనమే.

గిద్యోనుది ఇంకో రకం. యుద్ధం గెలిచి, రాజుగా ఉండమంటే వద్దన్నంత మంచివాడు. అలాంటివాడే దోపుడు పోగుల్లో 1,700 తులాల బంగారం అడిగి తీసుకుని ఏఫోదు (యాజకుడు వేసుకునే పై వస్త్రంలాంటిది) చేయించి ఊళ్ళో పెడితే, ఇశ్రాయేలంతా దాని చుట్టూ చేరింది. ఆ తులం అంటే వాళ్ళ షెకెలు, మన తులం కాదు. మొత్తం కలిపితే సుమారు 19 కిలోలు. బంగారం అంటే మన వైపు ఎంత మోజో తెలిసిందే కాబట్టి ఈ లెక్క చెప్తే ఎవరూ మర్చిపోరు.

2. రెండు మూడు మాటలు తెలుసుకోండి, పాండిత్యం చూపించడానికి కాదు

తెలుగు బైబిల్లో చాలాచోట్ల "విగ్రహం" అనే కనబడుతుంది గానీ హీబ్రూలో చాలా మాటలు ఉన్నాయి. పెసెల్ అంటే చెక్కింది. హెవెల్ అంటే ఊపిరి, ఆవిరి. చలికాలం పొద్దున్నే నోట్లోంచి వచ్చే పొగలాంటిది. ఎలీలీమ్ అంటే ఏమీ లేనివి, వట్టివి; దేవుడికి వాడే ఎలోహీమ్ అన్న మాటకి దగ్గరగా వినబడేలా వెక్కిరింపుగా వాడారు. పౌలు కొరింథు వాళ్ళకి రాస్తూ "లోకమందు విగ్రహము వట్టిది" అన్నప్పుడు ఈ పాత మాటే వెనక వినబడుతుంది. ఇంతకు మించి వద్దు. నేను ఒకసారి అరగంట హీబ్రూ చెప్తే ఇద్దరు పెద్దవాళ్ళు నిద్రపోయారు.

యిర్మీయా 10:5 దగ్గర ఒక తమాషా ఉంది. విగ్రహాలు తాటిచెట్టులా నిటారుగా ఉన్నాయి అని కొన్ని అనువాదాలు, దోసపాదులో దిష్టిబొమ్మలా ఉన్నాయి అని మరికొన్ని. పొలం పనులు తెలిసిన వాళ్ళు ఉంటే ఈ దిష్టిబొమ్మ ముక్క వాళ్ళకి బాగా పడుతుంది. కానీ జాగ్రత్త, ఇక్కడే నోరు జారుతుంది, కిటికీ గుర్తుంచుకోండి.

3. యెషయా 44ని వడ్రంగి కొట్లో పెట్టి చదవండి

ఇది అసలు భాగం, సగం సమయం దీనికే ఇవ్వండి. వీలైతే కూడికకి ముందు ఒకసారి బొబ్బిలి దగ్గర గొల్లపల్లి వెళ్ళి వీణలు చేసేవాళ్ళ పని చూసి రండి. ఒకే పనస దుంగని తొలిచి, కుండ, దండి అతుకు లేకుండా ఏకాండిగా తీస్తారు. ఉలి పడ్డ ప్రతిసారీ పసుప్పచ్చని పేళ్ళు లేచి కాళ్ళ దగ్గర కుప్ప పడతాయి, పనస వాసన, చేతికి సన్నని పొట్టు. వీణయ్యే చెక్కకీ పేళ్ళకీ తేడా ఏమీ లేదు, రెండూ ఒకే చెట్టు. ఆ పేళ్ళు పొయ్యిలోకి వెళ్తాయి.

ఇప్పుడు 44:14 నుంచి చదవండి. ఒకతను చెట్టు నాటాడు, వాన దాన్ని పెంచింది. కొట్టాడు. సగం పొయ్యిలో పెట్టి రొట్టె కాల్చాడు, మాంసం వండుకుని తృప్తిగా తిన్నాడు, చలి కాచుకుని హాయిగా ఉంది అనుకున్నాడు. మిగిలిన సగంతో దేవుణ్ణి చేసి సాగిలపడి, నన్ను రక్షించు అన్నాడు. అంతకు రెండు వచనాల ముందు కమ్మరి ఉన్నాడు, దేవుణ్ణి చేస్తూ చేస్తూ వాడికే ఆకలేసి నీరసం వచ్చి పడిపోతున్నాడు. 12 నుంచి 17 దాకా యెషయా ఒక్కసారి కూడా తిట్టడు, పని ఎలా జరిగిందో వరసగా చెప్పుకుంటూ పోతాడంతే. చివర 20వ వచనంలో మాత్రం, వాడు బూడిద తింటున్నాడు, నా కుడిచేతిలో ఉన్నది అబద్ధం కదా అని అడుక్కోలేకపోతున్నాడు అంటాడు.

దీనికి ఒక వెనక కథ చెప్తే మీ శ్రోతలు లేచి కూర్చుంటారు. బబులోనులో కొత్త విగ్రహానికి నోరు కడిగే తంతు ఒకటి ఉండేది, దానికి సంబంధించిన మట్టి పలకలు దొరికాయి. అందులో చేసిన పనివాళ్ళు వచ్చి, దీన్ని నేను చేయలేదు, ఫలానా దేవుడు చేశాడు అని ప్రమాణం చేయాలి. వాళ్ళ చేతులు గుడ్డతో కట్టి, ఎడారి చెట్టు కర్రతో చేసిన కత్తితో నరికినట్టు నటించేవాళ్ళు. అంటే మనిషి చేశాడన్న సంగతి వాళ్ళకీ తెలుసు, దాన్ని ఎలాగైనా చెరిపెయ్యాలన్న తపన అది. బబులోను చెరలో ఉన్న యూదులు ఇదంతా చూస్తున్నారు, ఇంత వైభవం ముందు మన దేవుడు చిన్నవాడేమో అనుకుంటున్నారు. యెషయా మాట వాళ్ళ కోసం. భయపడకండి, పనివాడి చేతులు అక్కడే ఉన్నాయి చూడండి అని ఓదార్పు. గెలిచినవాళ్ళు ఓడినవాళ్ళని వెక్కిరించడం కాదది, ఓడిపోయి ఊరు పోగొట్టుకున్నవాళ్ళకి చెప్పిన ధైర్యం. అదే మాటని మనం మైకులో పక్కింటి మీదికి వదిలితే అర్థం తిరగబడిపోతుంది.

ఇక్కడ నిజాయితీగా ఇంకో మాట కూడా చెప్పాలి. రాయే దేవుడని పిన్ని ఎప్పుడూ అనలేదు. ప్రతిష్ఠ చేసి ఆవాహన చేస్తారనీ, వినాయకుణ్ణి తొమ్మిది రోజులు పూజించి మళ్ళీ నీళ్ళలో కలిపేస్తారనీ, మట్టి మట్టేనని తనకీ తెలుసనీ ఆవిడ అంటుంది. ఆ జవాబుకి బైబిల్ ఒప్పుకోదు, దేవుణ్ణి ఏ రూపంలోనూ పెట్టవద్దంటుంది, ఆ తేడా ఉంది, దాచక్కర్లేదు. కానీ ఆవిడ అననిది అన్నట్టు చెప్పడం అబద్ధ సాక్ష్యమే. ఆ ఆజ్ఞ కూడా ఆ పది ఆజ్ఞల్లోనే ఉంది.

వెంటనే యెషయా 46కి వెళ్ళండి. బబులోను దేవతలు బేలు, నెబోల ప్రతిమల్ని పశువుల మీద ఎక్కించారు, బరువుకి పశువులు కుంగిపోతున్నాయి. దానికి ఎదురుగా దేవుడంటాడు: "ముదిమి వచ్చువరకు నిన్ను ఎత్తికొనువాడను నేనే, తల వెండ్రుకలు నెరయువరకు నిన్ను ఎత్తికొనువాడను నేనే." కాబట్టి ఈ భాగం మొత్తంలో ప్రశ్న ఒకటే, ఎవరు ఎవర్ని మోస్తున్నారు? ఈ ప్రశ్నని బోర్డు మీద రాసి, కాసేపు ఎవరూ మాట్లాడకపోయినా కంగారు పడకుండా వదిలేయండి.

4. ఇప్పుడు మన ఇంట్లో వెతకండి

అందరికీ తలా ఒక కాగితం ఇవ్వండి, పేర్లు రాయొద్దని, ఎవరికీ చూపించక్కర్లేదని ముందే చెప్పండి. నాలుగు ప్రశ్నలు అడగండి: ఏది పోతే నాకింకేం మిగిలింది అని మీకాలా ఏడుస్తాను? దేని కోసం అలవోకగా అబద్ధం ఆడతాను? దేని కోసం ఇంట్లోవాళ్ళ సుఖాన్ని బలి ఇస్తున్నాను? దాన్ని ఎవరైనా వేలెత్తి చూపిస్తే ఎందుకు అంత మండుతుంది?

పౌలు కొలొస్సీ 3:5లో "విగ్రహారాధనయైన ధనాపేక్ష" అని తిన్నగానే అనేశాడు. యేసు డబ్బుని దేవుడికి పోటీ యజమానిగా నిలబెట్టి "మీరు దేవునికిని సిరికిని దాసులుగా నుండనేరరు" అన్నాడు. యెహెజ్కేలు దగ్గరికి పెద్దలు వచ్చి బుద్ధిగా కూర్చుంటే, వీళ్ళు విగ్రహాల్ని గుండెల్లో పెట్టుకున్నారు అని దేవుడు చెప్పాడు. చెక్క లేదు, వెండి లేదు, బయటికి ఏమీ కనబడదు. అంచేత ఇక్కడ ఉదాహరణలు మన వీధివే ఇవ్వండి. ఆరో తరగతి నుంచే ఐఐటీ ఫౌండేషన్‌లో వేసి, పిల్లాడు నిద్రలేక కళ్ళు గుంటలు పడినా ర్యాంకు ర్యాంకు అనడం. గవర్నమెంటు ఉద్యోగం వచ్చేదాకా పెళ్ళి చూపులు కూడా వద్దనడం. బ్యాంకులో తాకట్టున్న నగలకి వడ్డీ కట్టడానికే చెన్నైలో, హైదరాబాద్‌లో తాపీ పనికి వెళ్ళి ఏళ్ళ తరబడి ఇంటి మొహం చూడకపోవడం. అక్కడ ఎవరు ఎవర్ని మోస్తున్నారు? ఈ చివరి ఉదాహరణ మాత్రం నెమ్మదిగా చెప్పండి. అప్పులో ఉన్నవాడికి అది దేవుడు కాదు, మెడకి గుదిబండ. ఆ తేడా తెలియకుండా మాట్లాడితే బాధలో ఉన్నవాణ్ణి ఇంకో దెబ్బ కొట్టినట్టే.

ఇంకా ఇబ్బందైనది కులం. ఒకే బల్ల దగ్గర రొట్టె విరిచి, పెళ్ళి సంబంధం దగ్గరికి వచ్చేసరికి "మనవాళ్ళేనా" అని అడిగే సంఘం, ఎదుటివాళ్ళ రాతి విగ్రహాల గురించి మాట్లాడే హక్కు ఎక్కడ తెచ్చుకుంది? దీన్ని నేను మొదటిసారి అన్నప్పుడు ఒక పెద్దాయన లేచి వెళ్ళిపోయాడు. రెండో వారం వచ్చాడు లెండి.

చర్చి సామాను సంగతి మర్చిపోవద్దు. ఇందుకు రెండో రాజులు 18:4 చదవండి. ఎడారిలో పాములు కరిచినప్పుడు దేవుడే చెప్పి చేయించిన ఇత్తడి సర్పం అది, చూసినవాళ్ళు బతికారు. యేసు కూడా తన సిలువ గురించి చెప్తూ దాన్నే గుర్తు చేశాడు. అంత మంచిదాన్ని జనం వందల ఏళ్ళు దాచి ధూపం వేయడం మొదలుపెట్టారు. యూదా రాజు హిజ్కియా దాన్ని ముక్కలు చేయించాడు, దానికి నెహుష్టాను అని పేరు పడింది, ఇత్తడి ముక్క అన్నట్టు. సరుబుజ్జిలి వైపు బూడితి ఇత్తడి సామాను చూసినవాళ్ళకి తెలుసు, ఇత్తడిని ఎంత తోమితే అంత మెరుస్తుంది, మెరిసేకొద్దీ చెయ్యి దాని మీదికే పోతుంది. ఇప్పుడు మన నూనె సీసాలు, దిండు కింద బైబిల్, కొత్త సంవత్సరం రాత్రి చీటీ తీసినట్టు తీసే వాగ్దానం కార్డులు, కారు అద్దానికి వేలాడే సిలువ, పాస్టరుగారి నిలువెత్తు ఫ్లెక్సీ. వీటిలో చెడ్డవి చాలా తక్కువ, సర్పం కూడా చెడ్డది కాదు. నూనె మంచిదే, సీసా లేకపోతే ప్రార్థన పనిచేయదేమో అన్న భయం పుట్టిన రోజు మాత్రం దానికి పేరు మారిపోతుంది.

ఎవరో ఒకరు తప్పకుండా అడుగుతారు, మరి ఆర్‌సీఎం (రోమన్ కతోలిక్) చర్చిలో మరియమ్మ బొమ్మ సంగతేంటి అని. రెండు ముక్కల్లో చెప్పి ముందుకి వెళ్ళండి. మందసం (ఆజ్ఞల పలకలు పెట్టిన పెట్టె) మీద కెరూబుల్ని, అంటే రెక్కల దూతల్ని, చేయమన్నది దేవుడే, సొలొమోను గుడిలో ఇత్తడి సముద్రం అనే నీళ్ళ తొట్టె కింద 12 ఎద్దుల బొమ్మలు ఉన్నాయి, కాబట్టి బొమ్మ చేయడమే పాపం కాదు. గౌరవం వేరు, ఆరాధన వేరు అని 787లో నీకయ సభ తీర్మానించింది, కతోలికులు దాన్ని పాటిస్తారు. ఆ గీత ఆచరణలో నిలవదని మన బాప్టిస్టు, లూథరన్ పెద్దలు అంటారు. అక్కడ లేనివాళ్ళ మీద తీర్పు చెప్పడానికి ఆ సాయంత్రం వాడకండి.

5. పక్కింటి విషయాలు: ప్రసాదం, చందా, ఆఫీసు పూజ

ప్రశ్నలన్నీ నిజానికి ఇక్కడే వస్తాయి. ముందు ఎఫెసు కథ చెప్పండి. పౌలు అక్కడ రెండేళ్ళకి పైగా ఉన్నాడు, అర్తెమిదేవి గుడి ఉన్న ఊరు, వెండి గుళ్ళు చేసి అమ్మే దేమేత్రి వ్యాపారం దెబ్బతిని అల్లరి రేపాడు, జనం రెండు గంటలు ఒకటే కేక. చివరికి ఊరి కరణం లాంటివాడు లేచి, వీళ్ళు గుడి దోచినవాళ్ళు కారు, మన దేవతను దూషించలేదు అన్నాడు (19:37). వెండి గుళ్ళ బేరం పడిపోయేంతగా ప్రకటించిన మనిషి గురించి, ఎదుటి పక్షం అధికారే ఇచ్చిన సర్టిఫికెట్ అది. మనం మాట్లాడాక మన వీధి వాళ్ళు మన గురించి అదే మాట అనగలరా అని అడిగి చూడండి.

కనాను బలిపీఠాల్ని పడగొట్టమని ద్వితీయోపదేశకాండంలో ఉంది కదా అని కుర్రాళ్ళు అడుగుతారు. ఉంది. అది ఆ దేశంలో ఆ జనానికి ఇచ్చింది. అపొస్తలులు ఒక్క ఊళ్ళోనూ ఒక్క బొమ్మ మీదా చెయ్యి వెయ్యలేదు. ఏథెన్సులో పౌలుకి లోపల రగిలిపోయినా, "తెలియబడని దేవునికి" అని రాసి ఉన్న బలిపీఠం చూశానని చెప్పి అక్కణ్ణుంచే మాట మొదలుపెట్టాడు.

ప్రసాదం గురించి కొరింథీ 8, 10 రెండూ చదవాలి, ఒకటే చదివితే తప్పుదారి పడతారు. గుడిలో విగ్రహానికి అర్పించిన భోజనం బల్ల దగ్గర కూర్చోవద్దు అని పౌలు గట్టిగా చెప్పాడు. బజారులో అమ్మే మాంసం మాత్రం ఏమీ అడగకుండా కొనుక్కుని తినమన్నాడు. ఎవరింటికైనా భోజనానికి వెళ్తే పెట్టింది తిను, ఇది అర్పించింది అని ఎవరైనా చెప్తే మాత్రం చెప్పినవాడి కోసం మానెయ్యి అన్నాడు. నా మట్టుకు నేను ప్రసాదం అని చెప్పి ఇస్తే తీసుకోను. మా బావమరిది తీసుకుని పక్కన పెడతాడు. ఇద్దరం ఒకే బెంచీ మీద కూర్చుంటాం. తీసుకోనివాళ్ళు ఎలా చెప్పాలో మాత్రం ఇంట్లో ఒకసారి అనుకుని చూసుకోండి. "మేం తినం" అని మొహం తిప్పుకోవడం కాకుండా, "పిన్నీ, పూజలోది నేను తీసుకోనని నీకు తెలుసు కదా, ఏమీ అనుకోకు, సాయంత్రం నీ చేతి టీ తాగడానికి వస్తాను" అనండి. అని, నిజంగానే వెళ్ళండి.

సంబరానికి చందా అడగడానికి కుర్రాళ్ళు వస్తారు. పూజకి ఇవ్వలేను, ఆ రోజు జనానికి మంచినీళ్ళు, మజ్జిగ నేను చూసుకుంటాను అంటే మా వీధిలో ఎవరూ కాదనలేదు. మీ వీధి సంగతి మీకే బాగా తెలుసు.

ఆఫీసులో, వర్క్‌షాపులో ఆయుధపూజ రోజు నిలబడాల్సి వచ్చే వాళ్ళకి సిరియా సేనాధిపతి నయమాను కథ చదివి వినిపించండి. స్వస్థత పొంది యెహోవాను నమ్మాక, మా రాజు రిమ్మోను గుడిలో నా చేతి మీద ఆనుకుని వంగితే నేనూ వంగాల్సి వస్తుంది, క్షమిస్తాడా అని అడిగాడు. ప్రవక్త ఎలీషా లెక్చర్ ఇవ్వలేదు, సమాధానంతో వెళ్ళు అన్నాడు. ఇంకో పక్క దానియేలు 3లో ముగ్గురు కుర్రాళ్ళు 60 మూరల ప్రతిమ ముందు వంగమంటే కొలిమిలోకైనా వెళ్తాం గానీ వంగం అన్నారు. రెండూ బైబిల్లోనే ఉన్నాయి. అక్కడ నిలబడటం ఉద్యోగం పనా, మొక్కడమా అన్నది ఆ మనిషి దేవుడితో తేల్చుకోవాలి, మీరు తీర్పు చెప్పి పంపకండి.

కొత్తగా నమ్మినవాళ్ళ ఇంట్లో పటాలు, విగ్రహాలు ఉంటే ఏం చేయాలని అడుగుతారు. యాకోబు తన ఇంటివాళ్ళవి అడిగి తీసుకుని షెకెము దగ్గర మస్తకి చెట్టు కింద పాతిపెట్టాడు, చడీచప్పుడు లేకుండా. ఎఫెసులో మంత్రాల పుస్తకాలు కాల్చినవాళ్ళు కాల్చుకున్నది తమ సొంత పుస్తకాలు. అత్తగారు పూజించే పటం మీది కాదు, దాని జోలికి పోవద్దు. మీదే అయితే ఇంట్లో పెద్దవాళ్ళకి ముందు చెప్పండి, కావాలన్న చుట్టాలకి ఇచ్చేయండి. గచ్చు మీద పగలగొట్టి ఫోన్లో వీడియో తీసి గ్రూపులో పెట్టే పని మాత్రం ఏ పరిస్థితిలోనూ చేయకండి.

6. ఆ రోజు

పండగ రోజుల్లో ఈ పాఠం పెట్టుకోవద్దు, దసరాకి ముందో తర్వాతో పెట్టుకోండి. మైకు వద్దు, ఇరవై మందికి మైకు ఎందుకు. కిటికీలు మూయకండి. మూస్తే నోరు లేస్తుంది, తెరిచి ఉంటే ప్రతి మాటా చూసుకుని అంటాం, అది నాకు పనికొచ్చిన ఉపాయం. ముందు దూడ, తర్వాత మీకా, తర్వాత యెషయా, కాగితాలు, ఆఖర్న ప్రశ్నలు. గంటన్నర చాలు. 115వ కీర్తన చదవాలనుకుంటే 8వ వచనం దాకా చదవండి, వాటిని చేసేవాళ్ళూ నమ్మేవాళ్ళూ వాటిలాంటి వాళ్ళే అవుతారన్న మాట దాకా, ఆ మాట మీ నాలుగు ప్రశ్నల పక్కన పెట్టి చదవండి. యోహాను తన మొదటి పత్రికని "చిన్న పిల్లలారా, విగ్రహముల జోలికి పోకుండ జాగ్రత్తగా ఉండుడి" అని ఆపేశాడు, రాసింది సంఘానికే. ప్రార్థన చిన్నది చేసి ముగించండి.

మొన్న మళ్ళీ మా ఇంట్లోనే ఈ పాఠం పెట్టాను. కిటికీ తెరిచే ఉంది. యెషయా 46 చదువుతుంటే పిన్ని అవతల అరుగు మీద చిక్కుడుకాయలు ఈనెలు తీస్తోంది. ముదిమి వచ్చువరకు అన్న వచనం దగ్గర చెయ్యి ఆపి వింది. అయిపోయాక కిటికీ దగ్గరికి వచ్చి, "బాగుంది గానీ బావూ, ఆ బరువు మోసిన పశువులు మరేటైపోనాయి?" అని అడిగింది. లోపల ఉన్న పద్దెనిమిది మందిమీ మళ్ళీ పుస్తకాలు తెరిచాం.